డాక్టర్ సలహా: చర్మం బిగుతుకు మూడు ట్రీట్‌మెంట్లూ ఒకే వారంలో చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 51. గాజువాకలో టీచర్‌ని. షుగర్ ఇంజెక్షన్ల వల్ల ఏడాదిలో 14 కిలోలు తగ్గాను. షుగర్ అదుపులోకి వచ్చింది కానీ చెంపలు జారిపోయాయి, గడ్డం కింద చర్మం వేలాడుతోంది. బుగ్గల మీద మంగు కూడా ఉంది. ఒక క్లినిక్‌లో హైఫూ (అల్ట్రాసౌండ్ వేడి), ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల వేడి), థ్రెడ్స్ (చర్మం కింద దారాలు వేసి పైకి లాగడం) మూడూ ఒకే వారంలో ప్యాకేజీగా చేస్తామన్నారు. మూడు నెలల్లో అమ్మాయి పెళ్లి. ఆపరేషన్ అంటే భయం. వీటిలో ఏది మంచిది? మూడూ కలిపి చేయించుకోవచ్చా? గుండె డాక్టరు రోజూ ఆస్పిరిన్ వేసుకోమన్నారు.

జవాబు: మూడూ ఒకే వారంలో వద్దు. అసలు మీ ముఖానికి హైఫూ నేనైతే మొదట చెప్పను.

మీకు రెండు సమస్యలు కలిసి వచ్చాయి. బరువు తగ్గినప్పుడు చెంపల్లోని కొవ్వు కూడా తగ్గింది. దూది తీసేసిన దిండుకు గలీబు వదులైనట్టు పై చర్మం మిగిలిపోయింది. దానికి తోడు మీ వయసులో నెలసరి ఆగుతుంది. ఆ తర్వాత మొదటి 5 ఏళ్లలో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ 30 శాతం దాకా తగ్గవచ్చు. అంటే లోపల నిండుదనమూ పోయింది, పైన బిగువూ పోయింది. ప్యాకేజీలోని మూడూ బిగువు కోసమే. నిండుదనం గురించి అక్కడ ఎవరూ మాట్లాడినట్టు లేదు.

హైఫూలో అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం కింద 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుల్లో చిన్న చిన్న బిందువులుగా కేంద్రీకరిస్తారు. అక్కడ వేడి 60 నుంచి 70 డిగ్రీలకు చేరుతుంది. ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్‌లో సర్జన్ పైకి లాగి బిగించే పొర ఉండేది సుమారు ఆ 4.5 మిల్లీమీటర్ల దగ్గరే. బుగ్గలు నిండుగా ఉండి, దవడ అంచు కాస్త జారినవాళ్లకు ఇది బాగుంటుంది. ఇప్పటికే చిక్కిపోయిన ముఖంలో లోతు అంచనా తప్పితే ఉన్న కాస్త కొవ్వూ కరిగి, చెంపలు ఇంకా గుంటలు పడతాయి. దవడ దగ్గరి నరానికి వేడి తగిలితే కొన్ని వారాలు మూతి ఒక పక్కకు లాగినట్టు ఉండవచ్చు. సాధారణంగా తగ్గిపోతుంది కానీ పెళ్లి ముందు ఆ టెన్షన్ ఎందుకు?

మామూలు ఆర్‌ఎఫ్ చర్మాన్ని పైనుంచి వేడి చేస్తుంది. వేడికి మంగు ముదరవచ్చు కాబట్టి మీ బుగ్గల మీద అది వద్దు. సూదులతో చేసే మైక్రోనీడిల్ ఆర్‌ఎఫ్ వేరు. సూది మొన తప్ప మిగతా భాగానికి ఇన్సులేషన్ ఉన్న రకమైతే వేడి లోపలే విడుదలవుతుంది, పై పొర చాలావరకు క్షేమం. మన చామనఛాయ చర్మాలకు నేను దీనివైపే మొగ్గుతాను, మీకైతే దవడ అంచుకూ గడ్డం కిందికీ మాత్రమే. ఇదీ పూర్తిగా నిరపాయం కాదు. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరగడం, నరాలు దెబ్బతినడం వంటి ఫిర్యాదులు రావడంతో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 అక్టోబరులో హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి మెషీన్ పేరు ఏమిటని అడిగే ముందు, దాన్ని పట్టుకునేది ఎవరో అడగండి. చర్మవైద్యంలో ఎండీ ఉందా, ఏపీ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా చూడండి.

థ్రెడ్స్‌తో లిఫ్ట్ వెంటనే కనిపిస్తుంది, అందుకే పెళ్లిళ్ల సీజన్‌లో వాటికి అంత గిరాకీ. ఎక్కువగా వాడే పీడీఓ దారం ఆరు నెలల్లో కరిగిపోతుంది. ఫలితం ఏడాది నిలిస్తే బాగా నిలిచినట్టే. చర్మం సొట్ట పడటం, దారం కొస పొడుచుకురావడం, ఇన్ఫెక్షన్ రావడం ఉండే ఇబ్బందులు. షుగర్, ఆస్పిరిన్ రెండూ ఉన్న మీకు అన్నిటికన్నా చివర ఆలోచించాల్సింది ఇదే.

మరి ఏం చేయాలి? ముందు బరువు సంగతి. ఇంకా తగ్గుతూనే ఉంటే ఇప్పుడు పెట్టే డబ్బు వృథా అవుతుంది. కొన్ని నెలలుగా ఒకేచోట నిలిచి ఉంటే ఈ వారంలోనే గడ్డం కింద మైక్రోనీడిల్ ఆర్‌ఎఫ్ ఒక సిట్టింగ్, నెల తర్వాత ఇంకొకటి. కొత్త కొలాజెన్ రావడానికి రెండు మూడు నెలలు, పూర్తి ఫలితానికి ఆరు నెలలు పడుతుంది. పెళ్లినాటికి కొంత మార్పే ఆశించండి. రెండో సిట్టింగ్ తర్వాత మూడు నాలుగు వారాలు ఆగి, చెంప ఎముకల దగ్గర కొద్దిగా హయలురానిక్ ఆసిడ్ ఫిల్లర్ (లోటు నింపే జెల్ ఇంజెక్షన్) వేయించుకోవచ్చు. అసలు లోటు అక్కడే ఉంది. నచ్చకపోతే ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. వేడి ముందు, ఫిల్లర్ తర్వాత అనే వరుస మార్చనివ్వకండి. అన్నీ ఒకేసారి చేయించుకుంటే వాపో నొప్పో వచ్చినప్పుడు ఏది కారణమో మాకూ తెలియదు. పెళ్లికి ముందు రెండు వారాలు ముఖానికి కొత్తగా ఏదీ చేయించుకోవద్దు, బ్యూటీ పార్లర్‌లో కొత్త ఫేషియల్‌తో సహా.

గడ్డం కింద చర్మం మడతగా వేలాడుతుంటే మాత్రం ఏ మెషీనూ దాన్ని తీసేయలేదు. భయం సంగతి పక్కనపెట్టి ప్లాస్టిక్ సర్జన్‌ను ఒకసారి కలవండి. కలిసినంత మాత్రాన ఆపరేషన్ చేసేయరు. ప్యాకేజీలు అమ్మని చోట రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగం ఓపీకి వెళ్లండి.

ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపకండి. క్లినిక్‌లో ఆపమన్నా గుండె డాక్టరును అడిగాకే. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 దాటి ఉంటే సూదులు, దారాలు, ఫిల్లర్లు అన్నీ వాయిదా.

ఇక మంగు. విశాఖలో పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లకు ఎండ సముద్రం మీంచి నేరుగా ముఖానికే కొడుతుంది. ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువది, ఈరోజు నుంచే మొదలుపెట్టండి. మన ఉక్కపోతకు చెమటతో పోతుంది కాబట్టి బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చివరగా ఒక జాగ్రత్త: ఫిల్లర్ వేయించుకున్న రోజు చర్మం ఎక్కడైనా తెల్లగా పాలిపోయినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.