అపాయింట్‌మెంట్‌కి రాని పేషెంటుకి ఫైన్ వేసే ముందు ఫోన్ చేయండి

చిన్న క్లినిక్ నడుపుతున్నామని, అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లు చెప్పాపెట్టకుండా ఎగ్గొడుతున్నారని, ఫైన్ వేస్తే దారికొస్తారా అని అడిగారు. రారు. నేను చాలా ఏళ్లుగా ఒక డాక్టర్‌గారి దగ్గర రిసెప్షన్‌లో ఉన్నాను, ఈ తలనొప్పి రోజూ పడేదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా దగ్గరికి షుగర్ ఉన్న ఒక పెద్దావిడ వచ్చేవారు. నెమ్మదస్తురాలు, టైముకంటే ముందే వచ్చి మూల కుర్చీలో కూర్చునేవారు. అలాంటావిడ పేరు పక్కన వరసగా మూడోసారి ఎర్రటి అక్షరాల్లో ‘రాలేదు’ అని పడింది. మూడుసార్లు రాకపోతే పేరు తీసేస్తామని ఉత్తరం పంపడం అప్పట్లో మా క్లినిక్ రూలు. ఉత్తరం ప్రింటయి, డాక్టర్‌గారి సంతకం కోసం ట్రేలో ఉంది. నాకు మనసొప్పలేదు, ఫైల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తింది వాళ్లబ్బాయి. “ఇది నా నంబరండీ, నేను వేరే ఊళ్లో ఉంటాను. మీ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, సాయంత్రం అమ్మకి చెబుదామనుకుంటాను, పనిలో పడి మర్చిపోతాను” అన్నాడు. ఆవిడ ఇంటి నంబరు తీసుకుని చేశాను. చాలాసేపు మోగాక ఎత్తారు.

“అమ్మా, డాక్టర్‌గారి క్లినిక్ నుంచి. మీరు రావడం లేదేంటి?”

“నన్నెప్పుడు రమ్మన్నారమ్మా? ఎవరూ చెప్పలేదే. ఇక రానక్కర్లేదేమో అనుకున్నాను. అడుగుదామంటే కాలికి చిన్న పుండు, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాను.”

షుగర్ ఉన్న మనిషి కాలి మీద మానని పుండు! ఫోన్ పెట్టకుండానే లోపలికెళ్లి డాక్టర్‌గారికి చెప్పాను, ఆయన ఆరోజే ఎలాగైనా తీసుకురమ్మన్నారు. బొటనవేలి కింద పుండు అప్పటికే లోతుకి దిగింది, వేలి రంగు మారుతోంది. ఆ సాయంత్రమే సర్జన్ దగ్గరికి పంపారు, వేలు దక్కింది. ట్రేలో ఉత్తరాన్ని డాక్టర్‌గారే చించేశారు, ఆ రూలు కూడా ఆరోజుతోనే పోయింది.

అందుకే, రాని పేషెంటంటే బాధ్యత లేని మనిషి అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. బాధ్యత లేనివాళ్లూ ఉంటారు, కాదనను, కానీ మళ్లీ మళ్లీ రానివాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక ఇబ్బందిలో ఉన్నవాళ్లే. స్కాట్లండ్‌లో 5 లక్షలకు పైగా పేషెంట్ల రికార్డులు పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. మానసిక సమస్యలు మాత్రమే ఉన్నవాళ్లలో ఏడాదికి రెండుకి మించి అపాయింట్‌మెంట్లు తప్పినవాళ్లకి, ఒక్కటీ తప్పనివాళ్లతో పోలిస్తే చనిపోయే ముప్పు 8 రెట్లకు పైగా ఉందని తేలింది. అలాంటి మనిషి చేతిలో ఫైన్ కాగితం పెడితే ఇక మీ గుమ్మం తొక్కడు.

పోనీ, ఫైన్‌తో మిగతావాళ్లయినా మారతారా అంటే అదీ అనుమానమే. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి డేకేర్లలో ఫైన్ పెట్టి చూశారు, ఆ ఫలితాలు 2000లో వచ్చాయి. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి, ఫైన్ ఎత్తేశాక కూడా మళ్లీ దిగిరాలేదు. డబ్బు కట్టాక ఇంక మొహమాటం దేనికి అనుకుంటారు మరి. బ్రిటన్‌లో రిషి సునాక్ 2022లో రాని పేషెంట్లకి 10 పౌండ్ల ఫైన్ వేస్తానని ప్రచారంలో చెప్పి, ప్రధాని అయ్యాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

ఇంకోటి కూడా అడగాలి, మీ క్లినిక్‌కి ఫోన్ చేస్తే అసలు ఎవరైనా ఎత్తుతారా? రావడం కుదరదని చెప్పడానికి పొద్దున్నుంచీ చేస్తే లైన్ బిజీ, కలిస్తే పాట వినమంటారు, విసిగిపోయి వదిలేస్తే చెప్పకుండా ఎగ్గొట్టాడని రాసుకుంటారు. పేషెంటు పది నిమిషాలు ఆలస్యమైతే స్లాట్ పోయింది, డాక్టర్ గంట ఆలస్యమైతే మాత్రం సర్దుకోవాలి! రెండు నెలల తర్వాతి తేదీ ఇచ్చి గుర్తుపెట్టుకోమనడం ఇంకో అన్యాయం. తేదీ ఎంత దూరం పెడితే అంతమంది రారు, ఏ రిసెప్షన్‌లో అడిగినా ఇదే చెబుతారు.

ఇక ‘పోయిన నెల ఇంతమంది రాలేదు’ అని గోడకి అంటించే బోర్డులు. దయచేసి పీకేయండి. రాకపోవడం అందరూ చేసేదే అని మీరే చాటినట్టవుతుంది. వచ్చినవాళ్ల సంఖ్య రాయండి. ఇంగ్లండ్‌లో కొన్ని క్లినిక్‌లలో ఇది చేసి చూశారు, 2012లో ప్రచురించారు. తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీని రిసెప్షనిస్టు కాకుండా పేషెంటు చేతే కార్డు మీద రాయిస్తే ఎగ్గొట్టేవాళ్లు 18 శాతం తగ్గారు, దానికి ఈ బోర్డు మార్పు కూడా తోడైతే దాదాపు 30 శాతం. ఖర్చు ఒక పెన్ను.

మా దగ్గర ఇప్పుడు పేషెంటుని ప్రతిసారీ అడుగుతాం, ఈ నంబరు ఎవరిది, మెసేజ్ వస్తే చదివేది ఎవరు అని. పిల్లల నంబరైతే ఇంటి నంబరు కూడా రాసుకుంటాం. ముందురోజు వెళ్లే మెసేజ్‌కి ‘రాలేను’ అని జవాబిస్తే చాలు, స్లాట్ ఖాళీ అయినట్టు కంప్యూటర్లో కనిపిస్తుంది, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లని పిలుస్తాం. రానివాళ్లకి అదేరోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తాం, షుగర్, గుండె జబ్బు, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకి ముందు. “ఎందుకు రాలేదు” అని నిలదీయం, “బాగానే ఉన్నారా” అని అడుగుతాం, అసలు సంగతి అప్పుడే బయటికి వస్తుంది. ఎంత చెప్పినా టైముకి రాలేనివాళ్లు కొందరుంటారు, వాళ్లకి ముందస్తు తేదీలు మానేసి, రోజూ చివరి అరగంట అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్లకని ఖాళీగా ఉంచాం. మీది చిన్న క్లినిక్ అంటున్నారు కాబట్టి ఈ అరగంటతోనే మొదలుపెట్టండి, డాక్టర్ ఒప్పుకుంటే రేపటి నుంచే పెట్టేయొచ్చు.