జూబా వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

దక్షిణ సూడాన్ శాంతి ఒప్పందాల్లో తూర్పు ఆఫ్రికా దేశాల కూటమి ఇగాడ్ పాత్ర మీద పరిశోధనకు ఆ దేశ రాజధాని జూబా వెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగా ఉంది. ఊరి పేరు వినగానే గుండె ఝల్లుమన్న మాటా నిజమే.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే నారాయణగూడ ఐపీఎంలో వేయించుకో. మలేరియా మాత్రలు మర్చిపోకు. అనుమతి లేకుండా వీధిలో ఫొటోలు తీయకు. వానాకాలంలో జూబా దాటి మట్టిరోడ్ల మీద ప్రయాణాలు పెట్టుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీ పరిశోధన ప్రతిపాదన కూడా పంపాడు, చదివాను. పదవుల పంపకం మీద పేజీలకు పేజీలు రాసి, సైన్యాల సంగతి ఒక్క పేరాతో సరిపెట్టావు. ఇంత చదివినదానివి, ఇదేం పనమ్మా? 2015లో ఇగాడ్ దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

2013లో మొదలైన అంతర్యుద్ధాన్ని ఆపే ఒప్పందం మీద ఆ ఆగస్టు 17న తిరుగుబాటు నాయకుడు మచార్ ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో సంతకం చేశాడు. అధ్యక్షుడు కీర్ తన అభ్యంతరాల జాబితా జతచేసి, 26న జూబాలో చేశాడు. మంత్రి పదవుల్లో ప్రభుత్వానికి 53 శాతం, మచార్ వర్గానికి 33, మిగతా రెండు వర్గాలకు ఏడేసి అని లెక్క తేల్చారు. జూబా నుంచి సైన్యాలు 25 కిలోమీటర్ల అవతలికి పోవాలని కూడా రాశారు, కానీ అధ్యక్షుడి అంగరక్షక దళానికి, స్థావరాల కాపలాకు, పోలీసులకు మినహాయింపులిచ్చారు. ఎవరి మనుషులు ఎందరు, ఏ బ్యారక్‌లో ఉండాలన్నది తర్వాత జరిగే వర్క్‌షాపుకు వదిలేశారు. ఆ వర్క్‌షాపు చివరికి మచార్ సైనికులు వెయ్యికి పైగా నగరంలోకి రావడానికి ఒప్పుకుంది. బయటికి పోవాల్సిన ప్రభుత్వ సైన్యం పూర్తిగా పోయిందో లేదో గట్టిగా తేల్చకుండానే 2016 ఏప్రిల్ 26న మచార్‌ను రప్పించి మొదటి ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేయించారు. పర్యవేక్షణ సంఘానికి బోట్స్వానా మాజీ అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయే అధ్యక్షుడు. పెద్దమనిషే, కానీ నివేదిక పంపడం తప్ప శిక్షించే అధికారం ఆయనకు లేదు. జులై 7న జూబాలోని గుడేలే దగ్గర చెక్‌పోస్టులో కాల్పులు జరిగాయి. మర్నాడు ఇద్దరు నాయకులూ అధ్యక్ష భవనంలో కూర్చుని ఉండగానే బయట అంగరక్షకులు ఒకరినొకరు కాల్చుకున్నారు. నాలుగైదు రోజుల్లో వందల మంది పోయారు, మచార్ కాంగో వైపు పారిపోయాడు.

ఇగాడ్‌కు ఈ పని చేతకాక కాదు. సూడాన్ ఉత్తర దక్షిణాల మధ్య కెన్యాలోని నైవాషాలో జరిగిన చర్చల్లో కెన్యా జనరల్ సుంబేయ్వో నడిపిన వరస చూడు. 2003 సెప్టెంబరులో ముందు సైన్యాల ఒప్పందం, 2004 జనవరిలో చమురు డబ్బు, మే నెలలో అధికారం. 2005 జనవరిలో తుది సంతకాలు. ఆ ఒప్పందానికీ లోపాలున్నాయి, అయినా దక్షిణ సూడాన్ విడిపోవడం మీద జరిగిన 2011 రిఫరెండం దాకా నిలబడింది. నీ అధ్యాయాలు ఆ వరసలో రాసుకో.

ఇంకో పని. ఒక కాగితం మీద ఇగాడ్ సభ్యదేశాల పేర్లు రాసి, జూబాలో ఒక్కోదానికి ఏం కావాలో పక్కన రాయి. ఉగాండా 2013 డిసెంబరులోనే కీర్ పక్షాన సైన్యం దింపింది. కెన్యాకు అక్కడ బ్యాంకులున్నాయి. దక్షిణ సూడాన్ చమురు సూడాన్ పైప్‌లైన్లలోనే పోవాలి. శరణార్థులు ఇథియోపియాలో గాంబెలాకు చేరతారు. గట్టు తగాదా తీర్చే పెద్దలందరికీ ఆ గట్టు పక్కనే పొలాలున్నట్టుంది వ్యవహారం. అందుకే ఆంక్షలు పెడతామని ఎన్నిసార్లు హెచ్చరించినా ఇగాడ్ పెట్టలేదు. ఆయుధ నిషేధం 2018 జులైలో భద్రతామండలి నుంచి వచ్చింది. అలాగని పొరుగువాళ్ళు పనికిరారనకు. ఆ ఏడాదే అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్, ఉగాండా అధ్యక్షుడు ముసెవెని గట్టిగా పట్టుకుంటేనే రెండో ఒప్పందం కుదిరింది.

పర్యవేక్షకుల నివేదికల్లో "పురోగతి ఉంది" అన్న మాట దగ్గర ఆగు. ఎందరికి శిక్షణ ఇచ్చారు, ఎందరిని విధుల్లోకి పంపారు, జీతం అందిందా అని వెతుకు. 2018 ఒప్పందం కింద తయారు కావాల్సిన ఉమ్మడి దళం 83,000. ఎన్నికలను 2026 డిసెంబరుకు వాయిదా వేశారు, కానీ ఆ దళం పూర్తి కాలేదు.

2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో పెట్టారు, ఉగాండా సైన్యం మళ్ళీ జూబాలో దిగింది. నాకు నిద్ర పట్టనిది అందుకే తల్లీ. గది చూసుకునేటప్పుడు బ్యారక్‌లు, అధ్యక్ష భవనం దగ్గర్లో వద్దు. చీకటి పడేలోపు లోపలుండు. మూడు రోజులకు సరిపడా నీళ్ళు, తిండి గదిలో ఎప్పుడూ ఉంచుకో. చేరగానే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించు. సైన్యాల అధ్యాయం తిరగరాసి ఆదివారంలోపు పంపు, పెద్దమ్మ నీకోసం పెట్టిన పచ్చడి పార్శిల్‌తో పాటు దిద్దిన కాగితాలూ పంపిస్తాను.

మీ పెదనాన్న