సంతకం పెట్టే ముందు ఈ ఉత్తరం చదువు

గోదావరిఖని

బిడ్డా,

బాయిల (బొగ్గుగనిల) దెబ్బ తగిలి పోయిన నీ పెనిమిటి దినాలు అయిపోయినయని, ఇంటినిండ ఇంకా చుట్టాలు ఉన్నరని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ఏడుపు ఆపమని నేను చెప్పను. కానీ నువ్వు మూలకు కూసున్న ఈ రోజుల్లనే నీ పేరు మీద బయట శానా కాగితాలు నడుస్తయి. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న. పక్కన పెట్టుకొని రెండు మూడుసార్లు చదువుకో.

ఎవరు తెచ్చినా సరే, చదివించుకోకుండ ఏ కాగితం మీద సంతకం పెట్టకు. మీ మామ తెచ్చినా, యూనియన్ పిట్ కార్యదర్శి తెచ్చినా, నా కొడుకే తెచ్చినా అంతే. తెల్లకాగితమైతే ముట్టనే ముట్టకు. "రేపు చదివిచ్చుకొని పెడత" అను. ఒక్కరోజు ఆగలేని పని ఏదీ ఉండదు. ఆగదని తొందరపెడితే ఇంకింత అనుమానపడు.

అల్లుడు పోయినందుకు కంపెనీ ఇంట్లోళ్లకు ఇచ్చే ఉద్యోగం మీ మరిదికి రాయించాలని చూస్తున్నరట. దానికోసమే నీతోని నిరభ్యంతర పత్రం అడుగుతున్నరు. "బాయి మీద పనికి ఆడిది ఏం పోతది, వాడు మిమ్ముల చూసుకుంటడు" అంటరు. దాని తర్వాతి మాట కూడ నాకు ఎరికే: "వాన్నే కట్టుకో, నౌకరి ఇంట్లనే ఉంటది." మన దిక్కు ఎన్ని ఇండ్లల్ల విన్ననో ఈ మాట. పిలగాడు మంచోడే కావచ్చు. కట్టుకుంటవో లేదో అది నీ ఇష్టం, అదిప్పుడు తేల్చే ముచ్చట కాదు. రూలు మాత్రం తెలుసుకో. బొగ్గుగని కార్మికుల జాతీయ వేతన ఒప్పందం ప్రకారం ఆశ్రితులంటే ముందు భార్య, పెండ్లికాని బిడ్డ, కొడుకు, చట్టప్రకారం దత్తత తెచ్చుకున్న కొడుకు. వీళ్లెవరూ లేనప్పుడే తమ్ముని వరస వస్తది. అది కూడ అన్న దగ్గరనే ఉండి, అన్న సంపాదన మీదనే బతికేటోడైతేనే. నువ్వున్నవు, నీ కొడుకున్నడు. నీ అంతట నువ్వు తప్పుకుంటే తప్ప అతని పేరు ఎత్తే సందే లేదు. అందుకే ఇంతమంది నీ చుట్టూ తిరుగుతున్నరు.

ఇంకొకటి చూడాలె. అల్లునిది గని ప్రమాదమని రాసిన్రా, మామూలు చావని రాసిన్రా? బాయిల బండ పడ్డది, పాణం పోయింది దవాఖానల, అది కూడ నాలుగో రోజు. తిరకాసంతా అక్కడనే. మరణ కారణం అన్న కాడ "గుండె ఆగి" అని ఒక్క ముక్క రాసి ఊకుంటరు. ఎవరు చచ్చినా ఆఖరుకు ఆగేది గుండెనే కదా! ఆ గుండె ఎందుకు ఆగిందో, అంటే బండ దెబ్బకే అని, మూల కారణం కింద రాసి ఉండాలె. లేకపోతే ఇప్పుడే డాక్టరును కలువు, అర్జీ పెట్టు. ఎందుకంటే గని ప్రమాదమైతే భార్యకు వయసుతో పని లేకుండ ఉద్యోగమో, నెలనెలా పైసలో కోరుకునే హక్కు ఆ ఒప్పందంలనే ఉన్నది. మామూలు చావైతే 45 ఏండ్ల లోపు వాళ్లకే ఆ కోరిక. నీకు వయసు అడ్డం రాకపోవచ్చు గానీ, ప్రమాద పరిహారం మొత్తం ఆ ఒక్క ముక్క మీదనే ఆధారపడి ఉంటది.

నేను ల్యాంపు రూంల పనిచేసినదాన్ని కాబట్టి ఒకటి చెప్త. బాయిల దిగే ప్రతి మనిషికి ఒక క్యాప్ ల్యాంపు, దానికో నంబరు. దిగేటప్పుడు తీసుకుంటడు, ఎక్కినంక తెచ్చి చార్జింగు ర్యాకుల పెడతడు. షిఫ్టు అయిపోయినంక ర్యాకుల ఏ నంబరు కాడ ఖాళీ ఉన్నదో ఆ మనిషి ఇంకా పైకి రానట్టు. మస్టరు (హాజరు పట్టీ), ల్యాంపు రిజిస్టరు, ఆ షిఫ్టు ఓవర్‌మన్ (బాయిల పని చూసుకునే అధికారి) రాసిన రిపోర్టు, ఈ మూడింటిని పక్కపక్కన పెడితే ఆ రోజు అల్లుడు ఏ వేళకు దిగిండు, ఏ జాగల పని చేసిండు, ఎప్పుడు ఎవరు పైకి తెచ్చిన్రు అన్నీ బయటికి వస్తయి. నోటి మాటలు నెల తిరిగేసరికి మారుతయి. రిజిస్టర్లు అంత తొందరగ మారవు. వాటి నకళ్లు కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. 30 రోజుల్ల జవాబియ్యాలె. ఇయ్యకుంటే పై అధికారికి అప్పీలు పోతది.

పోలీస్ స్టేషన్ల ఎఫ్ఐఆర్ కాపీ తీసుకో. పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కూడ. గనుల భద్రతా డైరెక్టరేట్ అని ధన్‌బాద్‌ల పెద్దాఫీసున్న సంస్థ ఒకటున్నది, ప్రాణం పోయిన ప్రమాదాల మీద విచారణ చేసేది వాళ్లే. నీ దగ్గరికి వాళ్లంతట వాళ్లు రావాలని చూడకు. "నేను మృతుని భార్యను, నాకు తెలిసింది చెప్పుకుంట" అని నువ్వే రాయి. ఆ జాగల పైకప్పు సరిగ లేదని ఇంట్ల ఎన్నడన్న అన్నడా? అంటే ఏ రోజు, ఏ మాట అన్నడో యాది ఉన్నంత వరకు రాసిపెట్టు. తోటి కార్మికులు సాక్ష్యానికి వెనుకాడుతరు. వాళ్ల మీద కోపం పెట్టుకోకు, వాళ్లకూ పిల్లలున్నరు. వాళ్ల భార్యల దగ్గర కూసో. మొగోళ్లు ఆఫీసుల నోరు తెరవకపోయినా ఇంట్ల అన్నీ చెప్పుకుంటరు.

2003 జూన్ 16న మన 7 ఎల్‌ఈపీ గనిల నీళ్లు చొచ్చి 17 మంది పోయిన్రు. అప్పుడు పత్రికలు, మంత్రులు, అందరూ ఇక్కడనే ఉన్నరు. ఒక్క మనిషి పోతే మర్నాడు షిఫ్టు మామూలుగ నడుస్తది. అందుకే నీ ఫైలు నువ్వే పట్టుకోవాలె.

పేర్ల సంగతి కూడ చూసుకో. మన దగ్గర మారుపేర్ల (ఇంకొకరి పేరు మీద నౌకరి చేసుడు) గొడవ ఎంతమందిని ముంచిందో తెలుసు కదా. సర్వీసు రికార్డుల నీ పేరు ఒక తీరు, ఆధార్ల ఇంకో తీరు ఉంటే ఆ ఒక్క అక్షరం పట్టుకొనే ఏండ్లకేండ్లు తిప్పుతరు. పర్సనల్ డిపార్ట్‌మెంటుకు పోయి రికార్డుల ఏముందో చూపెట్టుమను, తేడా ఉంటే ఇప్పుడే దిద్దించు. మీసేవల దరఖాస్తు పెట్టి తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకో. నీ ఒక్కదాని పేరు మీద బ్యాంకు ఖాతా తెరువు, ఏటీఎం కార్డు నీ దగ్గరనే ఉండాలె.

సీఎంపీఎఫ్ (బొగ్గుగని కార్మికుల భవిష్య నిధి), పెన్షన్, గ్రాట్యుటీ దేనికదే వేరు దరఖాస్తు. ఒకటి పెడితే మిగిలినవి వస్తయనుకోకు. ఐదేండ్ల సర్వీసు నిండలేదు, గ్రాట్యుటీ రాదని ఎవరన్న అంటే నమ్మకు, చనిపోయిన కేసుల ఆ షరతు లేదు. ప్రతి దరఖాస్తుకు రెండు కాపీలు, ఒకదాని మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకో.

మీ అత్త సంగతి. నీకు కష్టంగ ఉన్నా చెప్తున్న, ఆమెను కాదనకు. హిందూ వారసత్వ చట్టంల కొడుకు ఆస్తికి భార్య, పిల్లలతోపాటు తల్లి కూడ మొదటి వరస వారసురాలే. నామినీగ నీ పేరున్నంత మాత్రాన డబ్బంతా నీదే అయిపోదు. ఆమె భయం కూడ అర్థం చేసుకో. కొడుకు పోయిండు, కోడలు నౌకరి పట్టుకొని పుట్టింటికి పోతే ముసలిదాని గతేంది? ఆ భయం పట్టుకొనే మిగిలినోళ్లు ఆమెను ముందు పెట్టి మాట్లాడిస్తున్నరు. "అత్తమ్మా, నీ వాటా నీకిస్త, నెలనెలా నీ మందులు నేను చూసుకుంట" అని నువ్వే ముందుగాల నలుగుర్ల చెప్పు. అవసరమైతే రాసియ్యి. నాకు తెలిసి సగం గొడవ అక్కడనే చల్లబడతది.

నౌకరా, నెలనెలా పైసలా అని అడిగితే నా మాట నౌకరే. పైసలు ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతయి. నౌకరుంటే నీకు సొంత పీఎఫ్, దవాఖాన, పది మందిల ఒక పేరు. నీ ఆరోగ్యం బాగలేకపోతే మాత్రం ఇంకో తీరు ఆలోచించు. బాయిల దింపుతరని బెదిరిస్తే భయపడకు. 2025 నవంబరు దాక నడిచిన 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంల పనికి పెట్టొద్దన్నది. 2019ల కేంద్రం ఇచ్చిన సడలింపు కూడ సాంకేతిక, పర్యవేక్షణ పనులకే, అది కూడ పగటి పూటనే, ఆ మనిషి రాసిచ్చిన ఒప్పుకోలు ఉంటేనే ఉండె. ఇప్పుడు దాని జాగల కొత్త చట్టం వచ్చింది, అందుకే పైన పనే కావాలని అర్జీల రాయి. పని కాడ ఎవడన్న చెయ్యి వేస్తే, పిచ్చి మాటలు మాట్లాడితే, మూడు నెలల లోపు అంతర్గత కమిటీకి రాసియ్యి. నలుగురు ఏమనుకుంటరో అని గడువు దాటనియ్యకు.

ఫైలు కదలాలంటే ఇన్ని లక్షలు కావాలని ఒక పైరవీకారు వస్తడు. తప్పకుండ వస్తడు, మంచి అంగీ వేసుకొని, అల్లుని దోస్తునని చెప్పుకొని. పుస్తెలు అమ్మి ఇచ్చినోళ్లను చూసిన, పని కాలె, పైసలు తిరిగి రాలె. లంచం అడిగేది ఉద్యోగే అయితే ఏసీబీ నంబరు 1064. వకీలుకు పైసలు లేవని కుంగిపోకు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగ వకీలును ఇస్తది, 15100కు ఫోన్ చెయ్యి.

మీ పక్కింటామె భర్త కాంట్రాక్టు కింద పనిచేస్తడన్నవు కదా. ఆమెకు కూడ చెప్పు, గేటు పాసు, వీటీసీ (గని పని శిక్షణ కేంద్రం) సర్టిఫికెట్, జీతం పడ్డ బ్యాంకు పుస్తకం ఇంట్ల ఒక కాడ పెట్టుకోమను. కాంట్రాక్టరు మాయమైతే పని చేసిన రుజువు అవే.

వచ్చే ఆదివారం మీ అమ్మను తోలుకొని రా. కాగితాలన్నీ ముందటేసుకొని తేదీల వారీగ సదురుదాం. బస్సుల అసలువి తేకు, జిరాక్సులు చాలు. మీ మామ ఇచ్చిన ఆ నిరభ్యంతర పత్రం మాత్రం ఫోన్ల ఫొటో తీసి ఇయ్యాల్నే పంపు.

మీ పెద్దమ్మ