చిన్న కాగితంపై కుదిరిన రంగులు పెద్ద కాన్వాసుపై ఎందుకు వికటిస్తాయి?

పది అంగుళాల కాగితం మీద చక్కగా కుదిరిన చతురస్రాలూ రంగులూ ఎనిమిది అడుగుల కాన్వాసు మీదికి వచ్చేసరికి ఎందుకు వికటించాయని మీరు అడిగారు. గళ్లు గీసుకొని యథాతథంగా పెంచానని, కొలతల్లో తేడా రాలేదని కూడా రాశారు. నాకు తెలిసినంతలో ఇబ్బంది అక్కడే ఉంది. గళ్లు ఆకారాన్ని పెంచి పెడతాయి గాని, అది పెరిగినకొద్దీ రంగు ఎంత బలం పుంజుకుంటుందో చెప్పవు.

నేను గళ్లు కొట్టడం ఒంగోలులో సినిమా బ్యానర్లు వేసే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. హీరో ముఖానికి ఆ పద్ధతికి తిరుగు లేదు, ఎందుకంటే ముక్కూ కళ్లూ వాటి చోట అవి పడితే పోలిక దానంతటదే వచ్చేస్తుంది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయిన తర్వాత, సొంతంగా వేసిన మొదటి పెద్ద నైరూప్య చిత్రానికీ నేను అదే పద్ధతి వాడాను. నాలుగడుగుల నారింజ చతురస్రం, దానిని ఆనుకొని జానెడు వెడల్పు బూడిదరంగు పట్టీ. చూడవచ్చిన మిత్రుడు, "ఇందులో నీలం ఎంత కలిపావు?" అని అడిగాడు. నేను కలిపినవి నలుపు, తెలుపు మాత్రమే. అనుమానం తీరక నారింజ మీద పాత దినపత్రికలు కప్పి చూస్తే పట్టీలోని నీలం చాలావరకు పోయింది. కాగితాలు తీసేయగానే మళ్లీ వచ్చింది.

ఇది పాత సంగతే. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్, నలుపు దారం వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగుల వల్లే అలా కనబడుతోందని తేల్చి, 1839లో దానిపై పెద్ద గ్రంథమే ప్రచురించాడు. నారింజ తన పక్కనున్న బూడిదను తన ఎదురు రంగైన నీలం వైపు నెడుతుంది. నా బూడిదరంగులో చిటికెడు నారింజ కలిపితే గాని అది బూడిదగా కనబడలేదు, అదీ మూడోసారికి.

రెండో పొరపాటు దూరానికి సంబంధించినది. బ్యానర్‌ను రోడ్డుకు అవతలి నుంచి చూసి సరిదిద్దడం మాకు అలవాటు, కాబట్టి కాన్వాసును కూడా వీధిలోకి వెళ్లి చూశాను. అంత దూరం నుంచి అది మళ్లీ చిన్న కాగితమే అయిపోయింది! అమెరికన్ చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ 1951 ప్రదర్శనలో, పెద్ద చిత్రాలను దగ్గరగా నిలబడి చూడవలసిందిగా కోరుతూ గోడకు ఒక సూచన అంటించాడు. ఆయన ‘వీర్ హీరోయికస్ సబ్లిమిస్’ ఎనిమిది అడుగుల ఎత్తు, దాదాపు పద్దెనిమిది అడుగుల వెడల్పు గల ఎర్రని చిత్రం. దగ్గర నిలబడితే రెండు అంచులూ ఒకేసారి చూపుకు అందవు, ఎరుపులో అక్కడక్కడా నిలువుగా దిగే సన్నని గీతలే కంటికి ఆధారం. ఆ గీతలు అంత సన్నగా ఉండడం నాకు మా అమ్మ సంక్రాంతి ముగ్గును గుర్తుకు తెస్తుంది. వాకిలి పెద్దదైతే ఆమె చుక్కలు పెంచేది గాని, పిండి గీతను లావు చేసేది కాదు.

కాబట్టి మీరు ఆకారాలను సుద్దతో మాత్రమే గీసి, ప్రతి రంగునూ అసలు కొలతకు కత్తిరించిన కాగితాల మీద పూసి, ఆరాక కాన్వాసుకు అంటించి, రెండడుగుల దూరం నుంచి చూడండి. ఆరాక అని ఎందుకంటున్నానంటే, అక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది. అంచుకు టేపు వేసినప్పుడు ముందుగా దాని కింద ఉన్న రంగునే టేపు అంచు మీద ఒకసారి పూస్తే, కొత్త రంగు లోపలికి పాకదు. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మాత్రం పెద్ద చతురస్రాల జోలికి పోవద్దు. ఈ చివర రంగు వేసి ఆ చివరకు వెళ్లేలోగా మొదటిది ఆరిపోయి చారలు పడతాయి. నా జానెడు పట్టీ ఈ విధంగా చూసుకుంటూ చివరకు నాలుగు వేళ్ల వెడల్పుకు వచ్చి ఆగింది.