టెక్ సందేహాలు: సొంతంగా కట్టిన రిమోట్ ఎందుకు మొరాయిస్తుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం చేతితో కట్టుకున్న రిమోట్ కంట్రోల్ సర్క్యూట్ల గురించినవే కావడంతో, వాటికి ఒకేచోట జవాబిస్తున్నాను. విడివిడిగా చదివితే ఒకదానితో ఒకటి పొంతన లేని ఇబ్బందుల్లా కనిపిస్తాయి గానీ, అన్నిటి వెనుకా ఉన్న పొరపాటు ఒక్కటే. సంకేతాన్ని ఎలా పంపాలన్న దాని మీద పెట్టిన శ్రద్ధ, రిసీవర్ దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి అన్న దాని మీద ఎవరూ పెట్టడం లేదు.

ప్రశ్న: 555 టైమర్ చిప్‌తో 38 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 38 వేల మినుకులు, పుట్టించి, 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీకి ఇచ్చాను. అవతల టీఎస్‌ఓపీ1738 రిసీవర్, దానికో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉన్నాయి. బటన్ నొక్కగానే రిలే టక్కుమంటుంది, కానీ నొక్కి పట్టుకున్నా క్షణంలోనే విడిచేస్తుంది. అది కూడా మీటరు దూరంలోపే. టైమర్ పాడైందా?

టైమర్ బాగానే ఉంది. మీరు పంపుతున్న సంకేతాన్ని ఆ రిసీవర్ కావాలనే తోసిపుచ్చుతోంది, అలా చేయడానికే దాన్ని తయారు చేశారు.

ఎండలోనూ, పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుగులోనూ ఇన్‌ఫ్రారెడ్ ధారాళంగా ఉంటుంది. ఆ వెల్లువలో రిమోట్ వెలుగు ఏదో గుర్తుపట్టాలంటే, దాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు వెలిగించి ఆర్పాలి. అందుకే 38 కిలోహెర్ట్జ్ వాహక పౌనఃపున్యాన్ని, అంటే సంకేతాన్ని మోసే మినుకుల వేగాన్ని, వాడతాము. రిసీవర్‌లోని ఫిల్టర్ ఆ పౌనఃపున్యానికి దగ్గరలో ఉన్న దాన్నే లోపలికి రానిస్తుంది. అంతటితో పని పూర్తి కాదు. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబులైట్ల నుంచి ఇలాంటి మినుకులే ఆగకుండా వస్తూ ఉంటాయి కాబట్టి, ఎడతెరిపి లేకుండా వచ్చేదంతా గోల అని లెక్కగట్టి రిసీవర్ తన సున్నితత్వాన్ని తానే తగ్గించుకుంటుంది. మీ బటన్ నొక్కి ఉన్నంతసేపూ వెళ్లేది కూడా ఎడతెరిపి లేని 38 కిలోహెర్ట్జే. రిసీవర్ మొదటి క్షణం విని, తర్వాత దాన్ని ట్యూబులైటు పద్దులో వేసేస్తోంది.

కాబట్టి వాహకాన్ని తునకలుగా పంపాలి. టీవీ రిమోట్లలో విరివిగా కనిపించే ఎన్‌ఈసీ పద్ధతినే తీసుకుంటే, మొదట 9 మిల్లీసెకన్ల పొడవైన తునక, ఆపై 4.5 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆ తర్వాత ఒక్కొక్కటి 562.5 మైక్రోసెకన్ల చిన్న తునకలు వస్తాయి. తునక వెనుక అంతే నిడివి నిశ్శబ్దం ఉంటే సున్నా, దానికి మూడు రెట్ల నిశ్శబ్దం ఉంటే ఒకటి. అంటే సమాచారమంతా వెలుగులో కాక, వెలుగుల మధ్య విరామంలో ఉంది. ఒక చిన్న తునకలో 38 కిలోహెర్ట్జ్ ఆవృత్తులు దాదాపు 21 పడతాయి, రిసీవర్ గుర్తించడానికి అవి సరిపోతాయి.

మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాము రాసి నడిపే చిప్) వద్దనుకుంటే రెండో 555ను జోడించి, దాని ఔట్‌పుట్‌ను మొదటి 555 రీసెట్ పిన్‌కు, అంటే 4వ పిన్‌కు, కలపండి. రెండో టైమర్‌లో కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, మొదటి రెసిస్టర్ 6.8 కిలోఓమ్‌లు, రెండో రెసిస్టర్ 33 కిలోఓమ్‌లు పెట్టి, ఆ రెండోదానికి అడ్డంగా ఛార్జి అయ్యే దిశలో ఒక 1ఎన్4148 డయోడ్ వేస్తే, సుమారు 0.6 మిల్లీసెకన్ల తునక, సుమారు 2.3 మిల్లీసెకన్ల విరామం వస్తాయి. డయోడ్ లేకపోతే వెలుగు నిడివి ఎప్పుడూ విరామం కంటే ఎక్కువే అవుతుంది కనుక దాన్ని మానవద్దు. వాహకం పుట్టించే మొదటి టైమర్‌లో 1 నానోఫారడ్ కెపాసిటర్, 1 కిలోఓమ్, ఆపై 15 కిలోఓమ్‌లకు వరసగా 5 కిలోఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెడితే, దాదాపు 35 నుంచి 46 కిలోహెర్ట్జ్ వరకు తిప్పుకోవచ్చు. ఇటు రిసీవర్ ఔట్‌పుట్ కూడా తునకలుగానే వస్తుంది కాబట్టి, రిలే ఆగకుండా పట్టి ఉండాలంటే మధ్యలో 74హెచ్‌సీ123 వంటి, ప్రతి పల్స్‌కూ మళ్లీ మొదలయ్యే మోనోస్టేబుల్ (పల్స్ అందాక కొంతసేపు ఔట్‌పుట్‌ను పట్టి ఉంచే చిప్) ఒకటి పెట్టాలి.

ఇక దూరం సంగతి. 470 ఓమ్‌ల గుండా ఆ ఎల్‌ఈడీకి దాదాపు 5 మిల్లీఆంపియర్లే అందుతున్నాయి. 2ఎన్2222 ట్రాన్సిస్టర్ ద్వారా నడపండి: 5 వోల్టులలో ఎల్‌ఈడీ మీద 1.3, ట్రాన్సిస్టర్ మీద 0.2 పోగా మిగిలిన 3.5 వోల్టులకు 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే కరెంటు 106 మిల్లీఆంపియర్లు అవుతుంది. ఆ కరెంటు వాహకంలో సగం కాలమే, తునకలున్నప్పుడే ప్రవహిస్తుంది కనుక సగటు పది పన్నెండు మిల్లీఆంపియర్లకు మించదు, ఎల్‌ఈడీ వేడెక్కదు. అయితే ఏదైనా తప్పు జరిగి ట్రాన్సిస్టర్ అలాగే తెరుచుకుని ఉండిపోతే ఎల్‌ఈడీ మాడిపోతుంది, అందువల్ల సర్క్యూట్ సరిచూసుకునేంతవరకు 220 ఓమ్‌లతో నడిపి, అంతా కుదిరాకే 33కు మారండి.

ఇలాంటి పనిలో నేను ఎప్పుడూ పాటించే వరుస ఒకటుంది. ముందు రిసీవర్‌ను మాత్రమే బల్ల మీద పెట్టి, దాని ఔట్‌పుట్‌కూ 5 వోల్టులకూ మధ్య 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో ఒక ఎర్ర ఎల్‌ఈడీ కలుపుతాను. మామూలుగా ఆ ఔట్‌పుట్ పైన నిలబడి ఉండి, సంకేతం అందినప్పుడు కిందికి పడుతుంది కాబట్టి, పనిచేస్తున్న టీవీ రిమోట్‌ను దాని ముందు నొక్కితే ఎర్ర ఎల్‌ఈడీ రెపరెపలాడాలి. అది రెపరెపలాడిందంటే రిసీవర్ సగం తేలిపోయినట్టే, ఇక అనుమానం పంపేవైపు మాత్రమే. పంపేవైపు చూడడానికి ఫోన్ కెమెరా చాలు, ఎల్‌ఈడీ లేత ఊదారంగులో మెరుస్తూ కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనుక కెమెరాలకు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉంటుంది, అప్పుడు ముందు కెమెరాతో చూడండి. కెమెరాకు కనబడడం ఎల్‌ఈడీ వెలుగుతోందనడానికే రుజువు, పౌనఃపున్యం సరిగా ఉందనడానికి కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ రెండు టైమర్ల రిమోట్‌కు గుర్తింపు లేదు. పక్కన ఎవరు టీవీ రిమోట్ నొక్కినా మీ రిలే కదులుతుంది. అది కుదరదనుకుంటే మైక్రోకంట్రోలర్‌తో చిరునామా, ఆజ్ఞ రెండూ ఉన్న కోడ్ పంపడమే మార్గం. ఎన్‌ఈసీ మూల పద్ధతిలో ఈ రెండిటినీ ఒకసారి నేరుగా, ఒకసారి ఒకట్లను సున్నాలుగా, సున్నాలను ఒకట్లుగా తలకిందులు చేసి పంపుతారు. రెండూ సరిపోలకపోతే రిసీవర్ ఆ మొత్తాన్నీ పారేస్తుంది.

ప్రశ్న: టీఎస్‌ఓపీ1738 దొరక్క టీఎస్‌ఓపీ38238 కొన్నాను. అదే స్థానంలో అమర్చగానే వేడెక్కి చల్లబడింది, ఇక పలకడం లేదు.

రెండూ 38 కిలోహెర్ట్జ్‌వే, కాళ్ల వరస మాత్రం వేరు. గుండ్రటి వైపు మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుంటే, 1738లో ఎడమ నుంచి గ్రౌండ్, సప్లై, ఔట్‌పుట్. 38238లో ఔట్‌పుట్, గ్రౌండ్, సప్లై. పాత వరసలో గుచ్చితే గ్రౌండ్ కాలికి 5 వోల్టులు పడతాయి. కొత్తది కొనుక్కోవలసిందే. ఈసారి సప్లై కాలికి ముందు 100 ఓమ్‌ల రెసిస్టర్, ఆ కాలికీ గ్రౌండ్‌కూ మధ్య 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. సప్లైలోని చిల్లర గోల లోపలికి పోకుండా ఆగుతుంది. 38238కు 2.5 వోల్టుల నుంచే సరిపోతుంది కనుక 3.3 వోల్టుల బోర్డులకు అదే మేలు.

ప్రశ్న: 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూళ్ల జత కొన్నాను. ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు ఇవ్వకముందే రిసీవర్ నుంచి కంప్యూటర్ తెర మీద పిచ్చి అక్షరాలు వరదలా వస్తున్నాయి. మాడ్యూల్ చెడ్డదా?

అది ఆ రిసీవర్ జాతి లక్షణం. చవక జతల్లో వచ్చేది సాధారణంగా సూపర్‌రీజనరేటివ్ రిసీవర్, 1922లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనుగొన్న పద్ధతి. అతి తక్కువ విడిభాగాలతో ఎంతో పెద్ద లాభాన్ని (సంకేతాన్ని పెంచే శక్తిని, గెయిన్‌ను) ఇవ్వడం దాని గొప్పతనం. ఆ లాభమే దాని ఇబ్బంది కూడా. వినడానికి ఏమీ లేనప్పుడు అది తన చెవిని ఇంకా ఇంకా రిక్కించి, చివరికి గాలిలోని రణగొణనే ఒకట్లూ సున్నాలూ చేసి మీకు అందిస్తుంది.

దీన్ని చెవితో వింటే వెంటనే అర్థమవుతుంది. రిసీవర్ డేటా పిన్ నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి ఒక చిన్న యాంప్లిఫయర్ స్పీకరుకు ఇవ్వండి. మొదట జోరువాన పడుతున్నట్టు ఒకటే హోరు. ట్రాన్స్‌మిటర్ బటన్ నొక్కండి: హోరు ఠక్కున తెగిపోయి, దాని స్థానంలో గరగరమని క్రమమైన ఒక రాగం వస్తుంది. వదలండి, వాన మళ్లీ మొదలవుతుంది. మాడ్యూళ్లు రెండూ బాగున్నాయనడానికి నాకు తెలిసిన అతి తేలికైన పరీక్ష ఇదే. అందుకే నేను ఈ జతలతో ఏ ప్రోగ్రామూ రాయకముందు ఒకసారి విని చూస్తాను.

ఆ హోరులోంచి అసలు మాటను వేరు చేయడం మీ సర్క్యూట్ బాధ్యత. సీరియల్ పోర్టును నేరుగా తగిలిస్తే పని జరగదు. ప్రోగ్రాములో చేయాలనుకుంటే రేడియోహెడ్ అనే సిద్ధ ప్రోగ్రాముల లైబ్రరీ వాడండి. అది అసలు సమాచారానికి ముందు ఒకటి-సున్నాల మేలుకొలుపు పంపి రిసీవర్ లాభాన్ని కుదురుకోనిస్తుంది. ప్రతి నాలుగు బిట్లనూ ఆరుగా మార్చి ఒకట్లూ సున్నాలూ సమంగా ఉండేలా చూస్తుంది, చివర సరిచూపు సంఖ్య చేరుస్తుంది. ప్రోగ్రాము వద్దనుకుంటే హెచ్‌టీ12ఈ (పంపేవైపు ఎన్‌కోడర్), హెచ్‌టీ12డీ (అందుకునేవైపు డీకోడర్) చిప్‌ల జత ఉంది. ఎనిమిది చిరునామా పిన్లు రెండు వైపులా ఒకేలా ఉండాలి. అందిన చిరునామా వరసగా మూడుసార్లు సరిపోలితేనే డీకోడర్ దాన్ని ఒప్పుకుంటుంది. ఓసిలేటర్ రెసిస్టర్లు 5 వోల్టుల దగ్గర ఎన్‌కోడర్‌కు 1 మెగాఓమ్, డీకోడర్‌కు 51 కిలోఓమ్‌లు. డీకోడర్ వేగం ఎన్‌కోడర్ వేగానికి దాదాపు 50 రెట్లు ఉండాలి కాబట్టి ఒకటి మార్చి ఇంకొకటి వదిలేయకండి.

యాంటెనా గురించి మీరు అడగలేదు గానీ, మీ ఫొటోలో ఎక్కడా కనబడలేదు. 433.92 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 17.3 సెంటీమీటర్లు. ఆ నిడివి తీగను రెండు వైపులా యాంటెనా రంధ్రానికి టంకం వేసి నిటారుగా నిలపండి. అదే 315 మెగాహెర్ట్జ్ జతకైతే 23.8 సెంటీమీటర్లు. బ్యాటరీ చుట్టూ చుట్టిన తీగ యాంటెనాగా దాదాపు పనికిరాదు. పరీక్షించేటప్పుడు రెండు మాడ్యూళ్ల మధ్య మీటరైనా దూరం ఉంచండి, పక్కపక్కనే పెడితే రిసీవర్ ఆ బలాన్ని తట్టుకోలేక తప్పుగా చదువుతుంది.

ఇన్‌ఫ్రారెడ్ గోడ దాటదు కాబట్టి అది మీ గది విషయం, రేడియో అలా కాదు. ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తితో లైసెన్సు లేకుండా ప్రసారం చేయవచ్చన్నది దేశానికో తీరుగా ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌కు 12 వోల్టులు ఇచ్చి దూరం పెంచుకునేముందు మీ దేశపు నియమాలు చదవండి.

ప్రశ్న: ఆ హెచ్‌టీ12 జతతోనే తలుపు తాళం నడపవచ్చా?

వద్దు. ఎనిమిది పిన్లతో కుదిరే చిరునామాలు 256 మాత్రమే, వాటన్నిటినీ వరసగా ప్రయత్నించడం ఎవరికైనా కొద్ది నిమిషాల పని. అంతకంటే ముఖ్యం, ఈ కోడ్ ఎప్పుడూ మారదు. ఒకసారి పట్టుకుని దాచుకున్నవారు దాన్ని యథాతథంగా మళ్లీ పంపితే, నొక్కింది మీరా వారా అన్నది డీకోడర్‌కు తెలిసే దారే లేదు. తాళాలకు నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ పద్ధతి కావాలి. రెండువైపులా ఒక లెక్క నడుస్తూ, దాటిపోయిన అంకెను రిసీవర్ మళ్లీ ఒప్పుకోదు. అందులోనూ కీలాక్ (KeeLoq) వంటి పాత రోలింగ్ కోడ్ పద్ధతుల బలహీనతలను 2007, 2008లలో పరిశోధకులు బయటపెట్టారు. దీపానికి, ఫ్యానుకు హెచ్‌టీ12 నిక్షేపంగా వాడుకోండి, తాళాన్ని మాత్రం దానికి అప్పగించకండి.

ప్రశ్న: పిల్లల కోసం రేడియో బండి చేశాము. అదే హెచ్‌టీ12డీ, మోటార్లను నడపడానికి ఎల్293డీ చిప్. నిన్న బండి దూరంగా వెళ్లి, బటన్ వదిలేసినా ఆగకుండా గోడకు గుద్దుకుంది. ఎందుకు?

హెచ్‌టీ12డీ డేటా పిన్లు చివరిగా అందిన ఆజ్ఞను పట్టుకుని ఉంటాయి, కొత్త ఆజ్ఞ వచ్చేదాకా విడవవు. బండి సంకేతం అందనంత దూరం పోయినప్పుడు దాని దగ్గర ఉన్న చివరి మాట "ముందుకు" అన్నదే. అది ఆ మాట మీదే నిలబడింది.

దీనికి మందు అదే చిప్‌లో ఉంది. 17వ పిన్, వీటీ అని రాసి ఉంటుంది, సరైన సంకేతం అందుతున్నంతసేపే పైన ఉండి, అది ఆగగానే కిందికి పడిపోతుంది. మోటార్లను నడవనివ్వాలో వద్దో నిర్ణయించే ఎల్293డీ ఎనేబుల్ పిన్లు 1, 9లను ఇప్పుడు మీరు 5 వోల్టులకు కట్టి ఉంటారు. వాటిని అక్కడి నుంచి విప్పి ఈ వీటీ పిన్‌కు కలపండి. డేటా పిన్లు ఏం పట్టుకుని ఉన్నా, సంకేతం లేకపోతే మోటార్లకు కరెంటు అందదు. ఒక్కో మోటారు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ కూడా టంకం వేయండి, బ్రష్‌ల నిప్పురవ్వల గోల రిసీవర్‌ను చెవిటిది చేయకుండా ఉంటుంది.

పిల్లల చేతికి ఇచ్చేముందు చక్రాలు నేలకు తగలకుండా బండిని ఒక డబ్బా మీద నిలబెట్టి, "ముందుకు" బటన్ నొక్కి పట్టుకుని ఉండగానే ట్రాన్స్‌మిటర్ బ్యాటరీని లాగేయండి. చక్రాలు అక్కడికక్కడే ఆగాలి.