కో-పేలో వాటా, కో-సైన్‌లో మొత్తం

ఆగస్టులో అమెరికా బయల్దేరుతున్న బ్రాడీపేట అమ్మాయి సందేహం ఇది. “అన్నయ్యా, యూనివర్సిటీ ఇన్సూరెన్స్ కాగితాల్లో కో-పే అని ఒకటి, కో-ఇన్సూరెన్స్ అని ఒకటి ఉన్నాయి. రెండూ ఒకటేనా? అపార్ట్‌మెంట్ వాళ్లేమో కో-సైనర్ ఉన్నారా అంటున్నారు. మా నాన్న కో-బ్రదర్ డల్లాస్‌లోనే ఉంటారు, ఆయన్ని అడగొచ్చా?”

ముందు ఆ ఆఖరి కో సంగతి తేల్చేద్దాం. కో-బ్రదర్ అంటే తోడల్లుడని గుంటూరులో ఎవరినడిగినా చెబుతారు, అమెరికావాళ్లకు మాత్రం అర్థం కాదమ్మా. లీజింగ్ ఆఫీసులో “మా అంకుల్” అను, చాలు. మీ నాన్నగారు మాట్లాడాల్సి వస్తే బ్రదర్-ఇన్-లా అనమను.

మిగతా కోలకు డిక్షనరీ “కలిసి” అని అర్థం చెప్పి ఊరుకుంటుంది. కలిసి సరే, అందులో నీ జేబులోంచి పోయేదెంత? అది మాటమాటకీ మారిపోతుంది.

కో-పే అంటే డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కౌంటర్లో కట్టే స్థిరమైన సొమ్ము. 25 డాలర్లని ప్లాన్‌లో ఉంటే 25 డాలర్లే. కో-ఇన్సూరెన్స్ శాతం లెక్క. ముందు డిడక్టిబుల్ అనే మొత్తం నువ్వే పెట్టుకోవాలి, ఆ పైదాంట్లో నీ శాతం కట్టాలి. ఇన్సూరెన్స్ ఒప్పుకున్న బిల్లు 2,000 డాలర్లు, డిడక్టిబుల్ 500, కో-ఇన్సూరెన్స్ 20 శాతం అనుకో. మొదటి 500 నీవి, మిగిలిన 1,500లో 300 నీవి, వెరసి 800. కొత్తపేట ఆస్పత్రుల్లో ఫీజు కట్టి చీటీ తీసుకున్నట్టు కో-పే కట్టేసి లెక్క తీరిపోయిందనుకుంటారు మనవాళ్లు. కొన్ని వారాలకు అసలు బిల్లు పోస్టులో వస్తుంది. అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి “ఇది బిల్లు కాదు” అని రాసున్న కాగితం ఒకటి వస్తుంది. దాన్ని చూసి డబ్బు కట్టకు, పారేయకు కూడా. అసలు బిల్లు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకో.

ఈ రెంటికీ పైన ఏడాదికి ఒక హద్దు ఉంటుంది. అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే అమెరికా ఆరోగ్య బీమా చట్టం కిందికి వచ్చే ప్లాన్లలో 2025లో అది ఒక మనిషికి గరిష్ఠంగా 9,200 డాలర్లుండేది, అదీ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న ఆస్పత్రులకే. ఇక్కడినుంచే చవగ్గా కొనుక్కెళ్లే ప్లాన్లలో అలాంటి హద్దు ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకు.

ఇక కో-సైన్. ఇందులో వాటాల్లేవు, మొత్తం మీద పడుతుంది. అచ్చం మన జామీను సంతకమే. మన 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్‌లో హామీదారు బాధ్యతను చెప్పడానికి వాడిన మాట కూడా కో-ఎక్స్‌టెన్సివ్. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అసలు అప్పు తీసుకున్నవాడికి ఎంతో హామీ ఉన్నవాడికీ అంతే అని. అమెరికాలో అప్పిచ్చే సంస్థలు ఈ సంగతి కో-సైనర్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పి తీరాలని 1985 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. చాలా రాష్ట్రాల్లో అసలు మనిషిని అడక్కుండా నేరుగా కో-సైనర్ మీదికి రావచ్చు. కాబట్టి మీ బాబాయిని అడగడంలో తప్పులేదు గానీ, ఏం అడుగుతున్నావో తెలిసి అడుగు. నువ్వు అద్దె ఎగ్గొడితే ఆయన కట్టాలి. మీ నాన్నగారి సంతకం సాధారణంగా చెల్లదు, వాళ్లకు అమెరికాలో ఆదాయం, క్రెడిట్ (అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు) ఉన్న మనిషి కావాలి. కొన్నిచోట్ల అడ్వాన్సు ఎక్కువ తీసుకుని కో-సైనర్ లేకుండానే ఇస్తారు. కుదిరితే నేనదే మేలంటాను.

రేపు నీ ఫ్రెండ్ కారు లోనుకి కో-సైన్ చెయ్యమంటే మాత్రం మొహమాటపడకు. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) మీద పేరు లేని కో-సైనర్‌కి ఆ కారు మీద హక్కుండదు, అప్పు మాత్రం తన క్రెడిట్ రిపోర్టులో కూర్చుంటుంది. విజయవాడలో బ్యాంకు మెట్లెక్కి మీ నాన్నగారు నీ చదువు లోనుకి కో-అప్లికెంట్‌గా పెట్టిన సంతకం కూడా ఈ జాతిదే. నువ్వు ఈఎంఐ తప్పితే పడేది ఆయన సిబిల్ స్కోరు కూడా.

రూమ్మేట్లతో కలిసి లీజు మీద సంతకం పెడితే మీరంతా కో-టెనెంట్లు. అందులో “జాయింట్లీ అండ్ సెవరల్లీ” అనే మాట ఉందేమో వెతుకు. ఉంటే, నలుగురిలో ఒకడు మధ్యలో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయినా మొత్తం అద్దె మిగిలిన ముగ్గురినీ అడుగుతారు, ఆ ముగ్గురిలో ఏ ఒక్కరినైనా అడుగుతారు. వెళ్లేవాడి పేరు తీసి కొత్తవాడి పేరు ఎక్కించినట్టు ఆఫీసు నుంచి కాగితం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఒప్పుకున్నది లీజుని మార్చదు.

కో-ఆప్ అనే మాటా క్యాంపస్‌లో వినబడుతుంది. పాల సొసైటీలాంటిది కాదు, చదువులో భాగంగా చేసే జీతం ఉద్యోగం. సిన్సినాటి యూనివర్సిటీలో 1906లో మొదలైంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు దీనికి సీపీటీ (చదువుతూ చేసే పనికిచ్చే) అనుమతి కావాలి, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద అది పడకముందు ఒక్కరోజు కూడా పనిచెయ్యకూడదు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే కొన్నాళ్లు పనిచేసే అనుమతి, పోతుంది. అందుకే కో-ఆప్ ఒప్పుకునేముందు నెలలు లెక్కపెట్టి, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడుగు.