జనవరి 1న మన చేతికొచ్చే పుస్తకాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: టెక్నాలజీ పేజీ తెరిస్తే సైబర్ మోసాలు, నకిలీ వీడియోలు, ఉద్యోగాల కోతలు. తెలుగువాళ్లం సంతోషించదగ్గ వార్త ఒక్కటైనా ఉందా? (తెనాలి పాఠకురాలు)

ఉంది. ఏటా జనవరి 1న వస్తుంది, కాకపోతే ఎవరూ మొదటి పేజీలో వేయరు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది ముగిశాక, మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. ఆ గడువు తీరితే, ఆయన బతికుండగా అచ్చైన రచనలన్నీ అందరి సొత్తు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు కాబట్టి ఆయన కథలు 2022 జనవరి 1న మనవయ్యాయి. మల్లాది రామకృష్ణశాస్త్రి 1965లో పోయారు, ఆయన రచనలకు 2026 జనవరి 1న విడుదల. వాటిని అచ్చు వేసుకోవచ్చు, చదివి ఆడియో పెట్టవచ్చు, నాటకం కట్టవచ్చు, పిల్లలకు బొమ్మల పుస్తకం చేయవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

ఒకప్పుడు ఈ గడువు 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద హక్కులు తీరిపోయే వేళకు, 1992లో, 60 చేశారు. మిగతా తేదీలు ఇప్పుడే రాసిపెట్టుకోండి. జాషువా (మరణం 1971) 2032లో, విశ్వనాథ (1976) 2037లో, చలం (1979) 2040లో, శ్రీశ్రీ (1983) 2044లో.

రెండు మెలికలున్నాయి. రచయిత పోయాక మొదటిసారి అచ్చైన రచనకు, అచ్చైన ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. ఇక నిన్నమొన్నటి పునర్ముద్రణలో మూలకథకు హక్కు తీరిపోయినా, కొత్తగా చేర్చిన ముందుమాట, వివరణలు, ముఖచిత్రం వాటిని రాసినవారివీ గీసినవారివే. వాటిని వదిలేసి మూలం మాత్రమే తీసుకోవాలి.

మంచి వార్త కనబడితే మూడు ప్రశ్నలు వేసి చూడండి. దీన్ని ఇవాళే దింపుకోగలనా? నాకు కావలసినట్టు మార్చుకోగలనా? ఇంకొకరికి ఇవ్వగలనా? “త్వరలో రాబోతోంది” అనే వార్తలు మొదటి ప్రశ్నకే రాలిపోతాయి. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర అందించిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన ఫాంట్లు మూడింటికీ నిలుస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి. పుస్తకానికి, దుకాణం బోర్డుకు, పోస్టరుకు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మడం మాత్రం కుదరదు.

ప్రశ్న: మా తాతగారి పద్యాల పుస్తకం 1948లో అచ్చయింది. ఆయన 1972లో పోయారు. మిగిలింది ఒక్క ప్రతే. అందరూ చదివేలా పెట్టాలంటే 2033 దాకా ఆగాలా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

ఆగక్కర్లేదు. ఆ పుస్తకం హక్కు ఇప్పుడు వారసులది, వారసులు కావాలనుకుంటే ముందే విడుదల చేయవచ్చు. వీలునామా లేకపోతే మీ ఒక్కరి సంతకం చాలదు. బాబాయిలు, మేనత్తలు అందరూ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. అందులో పుస్తకం పేరు, అచ్చైన సంవత్సరం, తాతగారి జనన మరణ సంవత్సరాలు, “క్రియేటివ్ కామన్స్ బై ఎస్‌ఏ 4.0 లైసెన్సు కింద విడుదల చేస్తున్నాం” అనే మాట స్పష్టంగా ఉండాలి. దాని అర్థం, ఎవరైనా వాడుకోవచ్చు కానీ తాతగారి పేరు చెప్పాలి, తాము మార్చి తయారుచేసినదాన్ని కూడా ఇదే షరతుతో ఇవ్వాలి. “వ్యాపారానికి వాడరాదు” అనే షరతు పెడితే, వికీపీడియా కుటుంబంలోని ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్ తీసుకోదు. ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి ఆ మాట అందరికీ ముందే చెప్పండి. పాత ప్రచురణకర్తతో ఒప్పంద పత్రం ఏదైనా ఉంటే సంతకాలకు ముందే తీసి చదవండి.

ఒక్క ప్రతే ఉందంటున్నారు. సొంతానికి స్కాన్ చేసి దాచుకోవడానికి ఈ సంతకాలతో పనిలేదు. అది ఈ వారమే చేయండి.

ప్రశ్న: స్కానరు లేదు. ఫోను సరిపోతుందా? అంగుళానికి 300 చుక్కలు ఉండాలంటారు, అదెలా తెలుస్తుంది? (ఖమ్మం పాఠకుడు)

లెక్క వేసుకోవచ్చు. డెమీ సైజు పుస్తకంలో పేజీ సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు. తెరిచి పెట్టిన రెండు పేజీలూ కలిపి 11 అంగుళాలు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోకు ఒక వైపు 4,000 చుక్కలు, ఇంకో వైపు 3,000. 4,000ను 11తో భాగిస్తే 363. చుట్టూ కాస్త ఖాళీ వదిలినా 300 దక్కుతుంది. పద్యం కింద సన్నటి అక్షరాల టీక ఉంటే మాత్రం ఒక్కో పేజీ విడిగా తీయండి.

ఫ్లాష్ వద్దు, పేజీ మధ్యలో తెల్లటి మచ్చ పడి అక్షరాలు మాయమవుతాయి. రెండు పక్కలా రెండు బల్బులు, 45 డిగ్రీల వాలులో పెట్టండి. ఫ్యాను ఆపండి. ఫోను పేజీకి సమాంతరంగా స్టాండు మీద ఉండాలి, 2 సెకన్ల టైమరు పెడితే వేలు తగిలి కదలదు. పలచటి కాగితమైతే వెనుక పేజీ అక్షరాలు కనబడతాయి, కింద నల్ల కాగితం పెడితే అవి అణిగిపోతాయి.

కాగితం మూల కొద్దిగా వంచితే విరుగుతోందంటే ఆ పుస్తకాన్ని పూర్తిగా పరిచి, పైన అద్దం పెట్టి నొక్కకండి, కుట్టు దగ్గర పగిలిపోతుంది. ఇంట్లో వ్యాసపీఠం ఉంటే దాని మీద సగం తెరిచి పెట్టి, ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ తీయండి.

స్కానింగ్ యాప్‌లలో “బ్లాక్ అండ్ వైట్” బటన్ ఉంటుంది. అది నొక్కితే పేజీ శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అరసున్నలు, వత్తుల సన్నటి తోకలు చెరిగిపోతాయి. రంగులోనే దాచండి. వంకర సరిచేయడం, రెండు పేజీలు విడదీయడం తర్వాత కంప్యూటర్లో ఉచిత సాఫ్ట్‌వేర్ స్కాన్ టైలర్‌తో చేసుకోవచ్చు. పుస్తకాన్ని అలమారలో పెట్టేలోపే ఫొటోల సంఖ్యను పేజీల సంఖ్యతో పోల్చండి. రెండు పేజీలు అతుక్కుని దాటిపోవడం చాలా మామూలు.

ప్రశ్న: ఫొటో నుంచి అక్షరాలు తీస్తే తప్పులతడకగా వస్తోంది. మనకింకా ఆ సాంకేతికత రాలేదా? (బెంగళూరు పాఠకురాలు)

వచ్చింది, బాగానే వచ్చింది. ఫొటోలోని అక్షరాలను గుర్తించే పనిని ఓసీఆర్ అంటారు. ఉచితంగా దొరికే టెసరాక్ట్‌కు తెలుగు వచ్చు, గూగుల్ ఓసీఆర్‌కూ వచ్చు. తెలుగు వికీసోర్స్‌లో పేజీ తెరిచి ఒక బటన్ నొక్కితే చాలు. మిగిలే తప్పులు చాలావరకు కంటికి దగ్గరగా ఉండే అక్షరాలవే, ప-వ, మ-య, ద-ధ-థ. ఇవి చదువుతుంటే దొరుకుతాయి.

దొరకనివి వేరే ఉన్నాయి. “పండు” అని ఒకసారి, “ప౦డు” అని ఇంకోసారి ఇక్కడే రాశాం. చూడడానికి ఒకటే. మొదటిది సున్న, రెండోది తెలుగు అంకె ౦. కంప్యూటరుకు ఇవి వేర్వేరు గుర్తులు, కాబట్టి మామూలుగా “పండు” అని టైపు చేసి వెతికితే రెండోది ఎప్పటికీ దొరకదు. పాత పుస్తకంలో పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో ఉంటే ఈ తప్పు మరీ ఎక్కువ. పేజీ దిద్దగానే ౦ను వెతికించి, అంకె కానిచోటల్లా సున్నగా మార్చండి.

పాత అచ్చులో పదం చివరి న్‌ను నకారప్పొల్లుగా, వేరే గుర్తుతో వేసేవారు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే పట్టిక యూనికోడ్. చాలాకాలం దానిలో ఈ నకారప్పొల్లుకు చోటే లేదు, దిద్దేవారు న్ అని సర్దుకున్నారు. 2021లో వచ్చిన యూనికోడ్ 14.0లో అది చేరింది. చ, జ మీద చిన్న ౨ పెట్టి రాసే ౘ, ౙ అంతకుముందే, 2008లో చేరాయి. వందేళ్ల కిందటి పేజీని ఉన్నదున్నట్టు ఎక్కించగలగడం తెలుగుకు నిజంగా పెద్ద మేలు. అక్షరం బదులు డబ్బా కనిపిస్తే మీ ఫాంటులో ఆ గుర్తు లేదని అర్థం, అక్షరం పోలేదు.

వికీసోర్స్‌లో దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. రెండోసారి చూసేది మరో మనిషే కావాలి. రోజుకు 4 పేజీలు దిద్దితే 200 పేజీల పుస్తకం 50 రోజుల పని. మూలంలో అచ్చుతప్పు ఉన్నా దాన్ని సవరించకండి, ఉన్నట్టే ఎక్కించండి. స్కాన్‌ను వికీసోర్స్ ఫైళ్లు దాచే వికీమీడియా కామన్స్‌లో పెట్టేముందు ఒక మాట. అక్కడ అమెరికా చట్టం కూడా చూస్తారు. ఇక్కడ హక్కు తీరినా, అచ్చై 95 ఏళ్లు కాని పుస్తకానికి అక్కడ అడ్డు రావచ్చు. అలాంటివాటిని ఎక్కడ ఎక్కించాలో ముందు వికీసోర్స్ చర్చల పేజీ రచ్చబండలో అడగండి.

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు, డిగ్రీ చదువుతున్నాడు. హక్కులు తీరని పాఠ్యపుస్తకాన్ని అతని కోసం మార్చుకోవచ్చా? (వరంగల్ పాఠకురాలు)

మార్చుకోవచ్చు. 2012లో చట్టానికి చేసిన సవరణ చూపులేనివారికి, వారికి సాయం చేసేవారికి ఆ వీలు కల్పించింది. అనుమతి కోసం ప్రచురణకర్త చుట్టూ తిరగక్కర్లేదు, అమ్మకం మాత్రం చేయకూడదు. చూపులేనివారి పుస్తకాల కోసం 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే, 2014లో. ఫొటోల పీడీఎఫ్ ఇవ్వకండి, ఫోను దాన్ని చదవలేదు. అక్షరాలుగా మార్చి, అధ్యాయాల పేర్లకు శీర్షికల శైలి (హెడింగ్ స్టైల్) పెట్టి, ఈ-పుస్తకాల ఫైలు రకమైన ఈపబ్‌గా ఇవ్వండి. అప్పుడు ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ తెలుగులో చదివి వినిపిస్తాయి, ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి గెంతవచ్చు కూడా. ముందు చూపులేనివారి ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకుని వెతకండి, ఎవరైనా ఇప్పటికే మార్చి ఉంటే మీకు శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: నా కథల సంపుటి పేజ్‌మేకర్‌లో, అను ఫాంటులో ఉంది. కాపీ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చిగీతలు వస్తున్నాయి. మళ్లీ టైపు చేయాల్సిందేనా? (ఒంగోలు రచయిత)

అక్కర్లేదు. అను ఫాంటులో తలకట్టు, కొమ్ము, వత్తు ఒక్కో ముక్కగా ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే ఆ స్థానాలే బయటపడతాయి. అనును యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరాలు నెట్‌లో ఉన్నాయి. మీది అను 6నా, 7నా అన్నది ముందు డీటీపీ చేసినవారిని అడగండి. తప్పు వెర్షను ఎంచుకుంటే సగం వత్తులు మారిపోతాయి. పీడీఎఫ్ నుంచి కాకుండా అసలు పేజ్‌మేకర్ ఫైలు నుంచే అక్షరాలు తీయండి. కథల్లో ఉన్న ఇంగ్లిషు మాటలు, అంకెలు మార్పిడిలో చెడిపోతాయి, వాటిని ముందే వేరే ఫైలులో రాసిపెట్టుకోండి. మొదట ఒక్క కథ మార్చి, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని “క్ష్మ”, “స్త్ర” లాంటి జంట వత్తులున్న మాటలు చూడండి. అవి సరిగ్గా వస్తే మిగతా పుస్తకం మార్చవచ్చు.